పెన్సిల్ పట్టు

చేతిరాత నేర్చుకునే పిల్లలు పెన్సిల్‌ను వేళ్లతో పట్టుకునే పద్ధతి. హైదరాబాద్ పాతబస్తీలో ఇది తెలుగు, ఉర్దూ లిపులు రెండింటికీ తొలి పాఠం.

సంప్రదాయం: హిందూ కుటుంబాల్లో అక్షరాభ్యాసం నాడు పిల్లల చేయి పట్టి బియ్యంలో దిద్దిస్తారు. ముస్లిం కుటుంబాల్లో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు చదువు మొదలుపెట్టించే బిస్మిల్లా వేడుక జరపడం ఆనవాయితీ. చార్మినార్‌కు దగ్గరలోని ఛత్తా బజార్‌లో కంప్యూటర్లు రాకముందు ఖుష్‌నవీసులు (అందమైన చేతిరాత రాసేవారు) ఏటవాలుగా చెక్కిన కలంతో ఉర్దూ శుభలేఖలు రాసేవారు.

దశలు: ఏడాది, ఏడాదిన్నర వయసులో పిల్లలు పిడికిలి బిగించి గీతలు గీస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మూడువేళ్ల పట్టు కుదురుతుంది. బొటనవేలు, చూపుడువేలు పెన్సిల్‌ను పట్టుకుంటే మధ్యవేలి పక్కభాగం కింద ఆసరా ఇస్తుంది. మిగతా రెండు వేళ్లు ముడుచుకుని కాగితంపై ఆనుతాయి. మొనకు సుమారు 2 సెంటీమీటర్ల పైన పట్టుకోవాలి.

నేర్పే తీరు: పొట్టి బలపం ముక్క ఇస్తే పిడికిలితో పట్టడానికి చోటుండదు, వేళ్లే ముందుకొస్తాయి. పిండి పిసకడం, పూసలు గుచ్చడం వేళ్లకు బలమిస్తాయి.

ఎడమచేతి వాటం: తెలుగు రాసేటప్పుడు రాసిన అక్షరాన్ని ఎడమచేయి కప్పేస్తుంది, కాబట్టి పెన్సిల్‌ను కాస్త పైకి పట్టించాలి. కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూలో ఎడమచేతి వాటం పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. చేయి మార్చమని బలవంతపెట్టకూడదు.

నాలుగువేళ్ల పట్టూ దోషం కాదు. నొప్పి లేకుండా, చదవగలిగేలా రాయగలిగితే దాన్ని మార్చనక్కర్లేదు.