హబ్సిగూడ, ఏసీ గార్డ్స్, బంజారాహిల్స్: పేర్లలో మిగిలిన మనుషులు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అమీర్‌పేటలో ఉండి చదువుకునేవాళ్లం మెట్రోలో 'హబ్సిగూడ' అనే పేరు రోజూ వింటాం. పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ దాటి లక్డీకాపూల్ దిక్కు పోతే ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంటది. ఏసీ అంటే మన రూముల్లో లేని ఆ చల్లటి మిషన్ కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికా గుర్రపు దళం. హబ్సిగూడ పేరు కూడా హబ్షీల వల్లనే వచ్చిందని చెప్తారు. హబ్షీ అంటే అబిసీనియా మనిషి. ఆ దేశాన్నే ఇప్పుడు ఇథియోపియా అంటున్నాం.

ఆ దేశం గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. అక్కడ సంవత్సరానికి 13 నెలలు. గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు, మనకు పొద్దున ఏడైతే వాళ్లకు ఒంటిగంట. వాళ్లకు సొంత లిపి ఉంది. మన గుణింతాల లాగనే అక్షరం ఆకారం మారితే అచ్చు మారుతది. 1896లో అడ్వా దగ్గర చక్రవర్తి రెండో మెనెలిక్ సైన్యం ఇటలీని ఓడించింది. తర్వాత 1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆక్రమించింది గానీ, మిగతా ఆఫ్రికా లాగ ఆ దేశం తరాల తరబడి వలస పాలనలో లేదు.

అంత దూరం నుంచి దక్కన్‌కు మనుషులు ఎట్లా వచ్చారు? ఎక్కువమంది ఇష్టపడి రాలేదు. ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం మీద బానిసల వ్యాపారం వందల ఏళ్లు నడిచింది. ఇథియోపియా నుంచే కాదు, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి కూడా తెచ్చారు. ఇక్కడ వాళ్లను హబ్షీలు, సిద్దీలు అన్నారు.

వాళ్లలో మాలిక్ అంబర్ పేరు పరీక్షలకు చదివేవాళ్లందరికీ తెలుసు. 'ఖిర్కీ నగరాన్ని స్థాపించింది ఎవరు?' అనే బిట్టు దగ్గర ఆయన కథ అయిపోతది. అసలు కథ అంతకన్నా పెద్దది. 1548 ప్రాంతంలో ఇథియోపియాలో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే అమ్ముడుపోయాడు, చేతులు మారుతూ బాగ్దాద్ మీదుగా అహ్మద్‌నగర్ చేరాడు. అక్కడ ఆయన్ని కొన్న మంత్రి చంగీజ్ ఖాన్ కూడా హబ్షీయే. యజమాని చనిపోయాక అంబర్ సొంత దళం కట్టుకుని, చివరికి నిజాంషాహీ రాజ్యాన్నే నడిపాడు. 1610లో ఖిర్కీ కట్టించాడు. అదే తర్వాత ఔరంగాబాద్ అయింది. ఆ ఊరికి ఆయన తవ్వించిన నీటి కాలువలు ప్రసిద్ధం. మొఘలులను గెరిల్లా పద్ధతిలో ముప్పుతిప్పలు పెట్టాడు. అంబర్ తెగిన తలకు తాను బాణం వేస్తున్నట్టు జహంగీర్ బొమ్మ గీయించుకున్నాడు, కానీ మనిషిని మాత్రం పట్టుకోలేకపోయాడు. 1626లో ముసలితనంలో అంబర్ కన్నుమూశాడు.

మన హైదరాబాద్ కథ తర్వాతిది. వనపర్తి సంస్థానం రాజు దగ్గర ఆఫ్రికా సైనికుల దళం ఉండేది, అది నిజాం కొలువులో చేరింది. వాళ్లు ఉన్న చోటే ఏసీ గార్డ్స్. 1948లో పోలీస్ యాక్షన్ అయి నిజాం సైన్యం పోయాక వాళ్ల కొలువులూ పోయాయి. పెళ్లి బరాత్‌లో మనం ఎగిరే మర్ఫా దరువులో యెమెన్ అరబ్బులతో పాటు వాళ్ల చెయ్యి కూడా ఉంది.

ఇది మన గ్రూపులో ఎందుకంటే, పంజాగుట్టను ఆనుకునే బంజారాహిల్స్ ఉంది. ఆ పేరు మా లంబాడీలది. మావాళ్లు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కన్ అంతా తిరిగారు, సైన్యాలకు తిండి చేర్చారు. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది. బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం కింద చాలా చోట్ల దొంగల ముద్ర వేశారు. ఇప్పుడు ఆ గుట్ట మీద గజం భూమి కొనే స్తోమత మా తండాలో ఎవరికీ లేదు.

ఇంకో పోలిక చూడండి. సిద్దీలు గుజరాత్, కర్ణాటక, గోవా ఎస్టీ జాబితాల్లో ఉన్నారు. 2020లో శాంతారామ్ సిద్ది కర్ణాటక శాసనమండలికి నామినేట్ అయ్యారు. తెలంగాణ జాబితాలో సిద్దీలు లేరు. లంబాడీలు ఇక్కడ ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. మనిషి అదే, భాష అదే, సరిహద్దు దాటితే కాగితం మీద వేరే మనిషి. జాబితాల మీద మనలో మనకే గొడవలున్నాయని తెలుసు. ఆ తీర్పు నేను చెప్పలేను. కానీ జాబితా మనిషి చరిత్ర మొత్తం చెప్పదు. అది ఎవరు, ఎప్పుడు, ఏ సరిహద్దు లోపల కూర్చుని రాశారో కూడా చదవాలి.

రాజులు తమ కథ రాయించుకున్నారు. మోసినవాళ్ల కథ ఊరి పేర్లలోనే మిగిలింది. ఆ పేర్లు కూడా మారుతున్నాయి. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ గూడెం, తండా పేరు వెనక ఎవరున్నారో పెద్దవాళ్లను అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి ఇక్కడ రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి.

జై సేవాలాల్. జై ఆదివాసీ.