పంటు ఆగకముందే

దివిసీమలో పుట్టినవాళ్లకు తుఫాను వేరు, ఉప్పెన వేరు. తుఫానుకు పాక మీది తాటాకు లేచిపోతుంది, చేలో వరి పడిపోతుంది. నాలుగు రోజులకు మళ్లీ పనిలోకి దిగుతాం. ఉప్పెనలో సముద్రమే ఊళ్లోకి వస్తుంది. 1977 నవంబరు 19, శనివారం మా నాయనమ్మ ఆ రెండోదాన్ని చూసింది. కాలవగట్టు మీది తుమ్మచెట్టును పట్టుకుని రాత్రంతా ఉండి బతికింది. ఆ ముళ్ల మచ్చలు ఆమె చేతుల మీద చివరిదాకా ఉన్నాయి.

రేడియోలో హెచ్చరిక రాలేదని కాదు. ఆ వాయుగుండం మొదట పడమరగా నడిచింది. అది దక్షిణాది జిల్లాల మీదికి పోతుందనుకుని మావాళ్లు పశువుల్ని కట్టేసి, పాకల మీద తాళ్లు బిగించి ఇళ్లలోనే ఉండిపోయారు. అది ఉత్తరానికి మళ్లి చీరాల వైపు తీరం దాటింది. తీరం దాటిన చోటు మాకు దూరమే, చావు మాత్రం మా దగ్గర. తుఫాను కన్నుకు కుడి పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. ఆ రోజు మేం కుడి పక్కన ఉన్నాం. మా తీరంలో సముద్రం లోతు తక్కువ, వచ్చిన నీటికి కిందికి పోయే దారి లేదు, పైకే లేచింది. అయిదు మీటర్ల ఎత్తున వచ్చి నాగాయలంక, కోడూరు పల్లెల మీదుగా మైళ్ల కొద్దీ లోపలికి పోయింది. సొర్లగొంది లాంటి ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలే పోయాయి. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో పదివేల దాకా. మా పెద్దలెవరూ ఆ లెక్కను ఒప్పుకోలేదు.

“తుఫానన్నారు గానీ ఉప్పెన అన్న మాట మా చెవిన పడలేదురా,” అనేది నాయనమ్మ. ఊరు ఖాళీ చేయండని మా గుమ్మం ముందుకొచ్చి చెప్పినవాళ్లు లేరు. చెప్పినా, ఎక్కడికి పోవాలి? గట్టి కప్పున్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడిలోకి చేరినవాళ్లు బతికారు. ఆ రాతిగోడలే ఆ రాత్రి వాళ్లకు ఆసరా.

పదమూడేళ్లకు 1990 మే నెలలో అలాంటిదే మళ్లీ వచ్చింది. ఈసారి తిన్నగా కృష్ణ సముద్రంలో కలిసే చోటికే. అప్పుడు నాకు పన్నెండేళ్లు. తీరానికి ఇంకా దూరంగా ఉండగానే ఊళ్లోకి జీపొచ్చింది, మైకులో కేకలు, వెనకాలే దండోరా. రెవెన్యూవాళ్లు ఇంటింటికీ తిరిగారు. రోడ్డు మీద లారీలు, ఆర్టీసీ బస్సులు. ఆ రోజు వాళ్లు మమ్మల్ని అడగలేదు, లేవమన్నారు. నేను గుర్తుంచుకున్న తేడా అదే. మచిలీపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే తుఫాను ఆ రేవు మీదుగానో దాని పక్కనుంచో దాటుతుందని అర్థం. అది పడవలవాళ్లకు తెలుస్తుంది. పొలం పనికి పోయే ఆడమనిషికి ఆ నంబరుతో ఏం పని? ఆమెకు కావలసింది గుమ్మం ముందు బండి, అవతల ఒక దాబా, పిల్లలకు అన్నం.

మా వీధిలో ఒకాయన కదలనన్నాడు. గొడ్లున్నాయి, ఇంట్లో ధాన్యముంది, తాళం వేసినా ఎవరో ఒకరు పగలగొడతారన్నాడు. బండి దగ్గరున్న ఉద్యోగి బతిమాలుతుంటే నాయనమ్మ మూట చంకన పెట్టుకుని ఆయన గుమ్మంలోకి వెళ్లింది. “వచ్చేది ఉప్పెనరా. నీరొచ్చాక తాళం ఎవరి కోసం? చూసినదాన్ని చెబుతున్నా, లెగు,” అంది. ఆయన ముందు గొడ్ల పలుపులు విప్పాడు, తరవాత లారీ ఎక్కాడు.

మమ్మల్ని అవనిగడ్డలో ఒక బడికి చేర్చారు. మే 9 సాయంత్రం తుఫాను తీరం దాటింది. ఆ తుఫానుకు ముందు కోస్తా జిల్లాల్లో ఖాళీ చేయించింది ఆరున్నర లక్షల మందిని. పోయిన ప్రాణాలు 967. ఒక్క ప్రాణమైనా చిన్నది కాదు. కానీ మా వీధి మొత్తం తిరిగొచ్చింది. ఇళ్లు లేవు, మనుషులున్నాం.

ఒక మాట చెప్పాలి. అది మే నెల, చేలు ఖాళీ. నవంబరులో వరి కోతకొచ్చి ఉన్నప్పుడు రైతును లేపడం వేరే సంగతి. ఏడాది కష్టాన్ని గట్టు మీద వదిలి రమ్మంటున్నామని చెప్పేవాడికి తెలిసుండాలి.

1977 తరవాత కరకట్టలు, సరుగుడు తోటలు, తుఫాను షెల్టర్లు వచ్చాయి. మా పక్క ఊరి షెల్టరులో ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి కప్పు పెచ్చులూడుతోంది. మెట్ల మీద కాలు పెట్టాలంటే భయం. ఊళ్లోవాళ్లం అర్జీలు పెట్టాం, మళ్లీ పెడతాం.

ఎదురుమొండి వైపు లంకలవాళ్లది మరీ కష్టం. నాగాయలంక వైపు రావాలంటే కృష్ణపాయ మీద పంటు ఎక్కాలి. గాలి పెరిగితే పంటు ఆపేస్తారు, ఆపాలి కూడా. కనక వాళ్లకు హెచ్చరిక అందరికంటే ముందు చేరాలి. ఆకాశం తెల్లగా, ఏరు నిశ్చింతగా ఉన్నప్పుడే లేవమనాలి. అప్పుడు ఎవరు నమ్ముతారు? 1977ను చూసినవాళ్లు నమ్ముతారు. వాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా జిల్లా రోడ్ల మీద వాహనాలు ఆపేశారు, ఫోన్లన్నిటికీ హెచ్చరికలు మోగాయి. మేం కన్నుకు ఎడమ పక్కన పడ్డాం, సముద్రం మా మీదికి రాలేదు. “ఊరికే భయపెట్టారు” అన్నారు మా వీధి కుర్రాళ్లు కొందరు. వాళ్లను కూర్చోబెట్టి కుడి పక్క, ఎడమ పక్క అంటే ఏమిటో నేల మీద గీసి చూపించాను.

అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. మా వీధిలో ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి బండి ఉంది, ఎవరు నడవలేరు అన్నీ అందులో రాసుకుంటాను. మొన్న వానలకు ముందు తిరగరాశాను. మంచం దిగలేనివాళ్లు ఆరుగురు. బండి రాగానే ముందు ఎక్కించాల్సింది వాళ్లను.