బీభత్సమును చదువుట

1796వ సంవత్సరము మార్చి నెలలో లండను నగరమున ఒక నవల మూడు సంపుటములుగా వెలువడెను. దాని పేరు ‘ది మాంక్’, అనగా సన్న్యాసి. గ్రంథకర్త పేరు దానిపై లేదు. మాడ్రిడ్ నగరమున పరమభక్తుడని కీర్తి గాంచిన ఆంబ్రోసియో అను మఠాధిపతి మోహమునకు లోబడి, హత్యకును మానభంగమునకును పాల్పడి, తుదకు తన ఆత్మను సైతానునకు వ్రాసియిచ్చుట అందలి ఇతివృత్తము. పాఠకులు విరగబడి కొనిరి. ఆ యేడే రెండవ కూర్పు వచ్చెను. ఈ మారు ముఖపత్రముపై మాథ్యూ గ్రెగరీ లూయిస్ అను పేరును, ఆ పేరు వెంట పార్లమెంటు సభ్యుడను హోదాయు అచ్చుపడెను. అతనికి అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. శాసనములు చేయవలసినవాడు ఇట్టి పుస్తకము వ్రాయుటయా అని అప్పుడు లేచినది దుమారము.

కన్నులయెదుట జరిగినచో ముఖము త్రిప్పుకొను దానిని, అచ్చులో డబ్బిచ్చి కొని, రాత్రి దీపము ముందు కూర్చుండి మనుష్యులు ఏల చదువుదురు? అట్లు చదువువారిని చూచి తక్కినవారు ఏల కలతపడుదురు? ఈ రెండు ప్రశ్నలకును ఈ యొక్క నవల చరిత్రలో చాలవరకు సమాధానము దొరకునని మాకు తోచుచున్నది.

లూయిస్ ఈ మార్గమున మొదటివాడు కాడు. 1764లో హొరేస్ వాల్పోల్ తన ‘ఒట్రాంటో కోట’లో పెండ్లికొడుకుమీద కొండంత శిరస్త్రాణము పడవేసి చంపినప్పుడే ఇంగ్లీషు భీకరనవల పుట్టినది. దానికి నాజూకు నేర్పినది ఆన్ రాడ్‌క్లిఫ్. 1794లో వెలువడిన ఆమె ‘ఉడాల్ఫో’ నవలలో ఒక నల్లని తెర కలదు. కథానాయిక ఆ తెర తొలగించి చూచి మూర్ఛపోవును. ఆమె చూచినదేమో రచయిత్రి చెప్పదు. వందల పుటలు గడచిన పిమ్మట గాని అది మైనపుబొమ్మయని తెలియదు. ఆ యేడే హేగ్ నగరమున బ్రిటిషు రాయబార కార్యాలయములో ఉద్యోగియై, పని తక్కువయై విసుగెత్తియున్న లూయిస్ ఆ పుస్తకము చదివెను. పది వారములలో తన నవల ముగించితినని తల్లికి జాబు వ్రాసెను. ఆమె దించిన తెరను అతడు ఎత్తివేసినాడని చెప్పవచ్చును. అతని నేలమాళిగలలో మైనపుబొమ్మలు లేవు, శవములే కలవు.

రాడ్‌క్లిఫ్ మరణానంతరము 1826లో ప్రకటింపబడిన వ్యాసమొకటి ఈ రెండు మార్గములకును భేదమును చెప్పినది. అస్పష్టమైన భయము మనస్సును విశాలపరచి మేల్కొలుపును. కంటి కెదురుగా నిలిచిన ఘోరము దానిని ముడుచుకొనిపోవునట్లు చేయును. ఆమె అభిప్రాయము స్థూలముగా ఇది. శబ్దమే ఆధారముగా నాటకములు నడపుకొను మావంటివారికి రాడ్‌క్లిఫ్ మార్గము సుకరము. తలుపు కిర్రుమని, అడుగుల చప్పుడు ఆగిపోయిన చాలును, తక్కినపని శ్రోతయే చేసికొనును. లూయిస్ మార్గము కష్టము, ప్రమాదకరము కూడ. అందుచేతనే దానిని గూర్చి ఆలోచింపవలసియున్నది.

ఈ భేదము మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన యెనిమిది రసములలో భయానకము వేరు, బీభత్సము వేరు. మొదటిదానికి స్థాయి భయము, రెండవదానికి జుగుప్స. రెండును రసములే, అనగా ఆస్వాదింపదగినవే. జుగుప్సను ఆస్వాదించుట యెట్లను శంకకు దారి చూపినవాడు అభినవగుప్తుడు. శాకుంతల ప్రథమాంకమున బాణమునకు వెరచి పరుగెత్తు లేడిని అతడు ఉదాహరణముగా గ్రహించెను. ప్రేక్షకునకు కలుగు భయము ‘నేను భయపడుచున్నాను’ అనునది కాదు, ‘వాడెవడో భయపడుచున్నాడు’ అనునదియు కాదు. దేశకాలముల హద్దు తొలగి, ఎవ్వరిదియు గాక, భయమే నిలుచును. తనకు ముప్పు లేదు గనుక చూడగలడు, లేడి పరుగు గుండెను తాకును గనుక చూడక మానలేడు.

ఘోరమును తెర వెనుక దాచుటయే మన సంప్రదాయమని కొందరందురు. వారు ఎనిమిదవ శతాబ్దపు భవభూతి రచించిన ‘మాలతీమాధవము’ పంచమాంకమును మరచినారేమో. అందు మాధవుడు నరమాంసము చేతబట్టుకొని అర్ధరాత్రి శ్మశానమున పిశాచములకు అమ్మజూచును. పిశాచములు శవములను పీక్కొని తినుటను కవి కూలంకషముగా వర్ణించెను. ప్రక్కనే చాముండాలయమున అఘోరఘంటుడను కాపాలికుడు మాలతిని బలియిచ్చుటకు కత్తి యెత్తియుండును. ఈ కాపాలికులకు శ్రీపర్వతముతో, అనగా మన శ్రీశైలముతో, సంబంధమున్నట్లు నాటకమే చెప్పుచున్నది. మాలతి ఆక్రందనము విని మాధవుడు సమయమునకు వచ్చి రక్షించును.

లూయిస్ నవలలోను నేలమాళిగ యున్నది, అందు చిక్కిన అమాయకురాలు ఆంటోనియా యున్నది, ఆమెను ప్రేమించిన లోరెంజో యున్నాడు. కేక కూడ వినబడును. కాని లోరెంజో వచ్చుసరికి ఆంబ్రోసియో కత్తి దిగియుండును. భవభూతికిని లూయిస్‌కును వర్ణనలో ఉన్న దూరము స్వల్పము. ఆ కొన్ని నిమిషముల ఆలస్యములో ఉన్న దూరము గొప్పది. రక్షణ తప్పక వచ్చునను హామీని పాఠకునికి ఈయకపోవుటయే ఆనాటి పెద్దలను నిజముగా కలవరపెట్టినదని మా నమ్మకము.

వారు పైకి చెప్పిన కారణము మరియొకటి. 1797 ఫిబ్రవరిలో కవి కోల్‌రిడ్జి ఈ నవలను సమీక్షించుచు రచయిత ప్రతిభను ఒప్పుకొనెను. అయినను బిడ్డల చేతులలో దీనిని చూచిన తలిదండ్రులు కలవరపడవలసినదే అని తీర్పు చెప్పెను. ముఖ్యముగా ఒక ఘట్టము పట్టుబడినది. ఆంటోనియా తల్లి కూతురికి బైబిలును యథాతథముగా ఈయక, తగనివని తోచిన భాగములను విడిచి స్వయముగా ప్రతి వ్రాసి యిచ్చును. ఇది దైవదూషణమనిరి. మాథియాస్ అను మరియొక రచయిత ఇది న్యాయస్థానమున శిక్షింపదగిన నేరమనినాడు. శవములను గూర్చిన పుటలు కావు, ఈ పుట! 1798లో నాల్గవ కూర్పునకు లూయిస్ తన చేతులతోనే కత్తిరింపులు చేసెను. బిడ్డకొరకు గ్రంథమును కత్తిరించిన తల్లిని సృష్టించినవాడు తుదకు ఆమె పనియే చేయవలసివచ్చినది.

ఇక ఆ బీభత్సములో ఆస్వాదింపదగినదేమి? ఆగ్నెస్ అను సన్న్యాసిని గర్భవతియైన దోషమునకు, మఠాధికారిణి ఆమెను సమాధుల నడుమ చీకటికొట్టులో గొలుసులతో బంధించును. అక్కడ ప్రసవించిన శిశువు కొద్ది గంటలలోనే మరణించును. ఆగ్నెస్ దానిని వదలదు. కుళ్ళిపోవుచున్నను రొమ్మునకు హత్తుకొనియే యుండును. నవలలో దీనికన్న దుస్సహమైన భాగము లేదు, దీనికన్న ఉత్తమమైన భాగమును లేదు. మనకు జుగుప్స పుట్టించు ఆ వస్తువు ఆమెకు బిడ్డ. ఆ రెండు చూపులును ఒక్క వాక్యములో కలిసికొన్నప్పుడు బీభత్సము కరుణలోనికి తిరుగును. కడపట సైతాను ఆంబ్రోసియోను కొండపైనుండి పడద్రోయగా, అతడు పురుగులచేతను గ్రద్దలచేతను పీడింపబడుచు రోజుల తరబడి చచ్చుట కలదే, అది మాకు లెక్క తీర్చుటగా మాత్రమే కనబడినది. అక్కడ బాధను ఎవరి కన్నులతోను మనము చూడము.

ఇట్టి పుస్తకములు అద్దె గ్రంథాలయముల ద్వారా వేలకొలది ఇండ్లకు ప్రాకినవి. చదువువారిలో యువతులు ఎక్కువని ఎగతాళియు సాగినది. 1817 చివర వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’లో జేన్ ఆస్టిన్ ఆ యువతులను చూచి నవ్వినది, కాని కసరలేదు. ఆ నవలలో ఒక పాత్ర ఏడు భీకరనవలల జాబితా చదువును. ఆ పేర్లు ఆస్టిన్ కల్పనములని చాలమంది తలచిరి. ఇరువదవ శతాబ్దమున పరిశోధకులు ఏడింటిని వెదకి పట్టుకొనిరి. 1968లో ఆ యేడింటిని ఒక్క వరుసగా అచ్చునకు సిద్ధపరచినవాడు దర్భంగాలో పుట్టిన భారతీయుడు, దేవేంద్ర ప్రసాద వర్మ. కెనడాలో ఆచార్యుడుగా నుండిన ఆయన 1957లోనే ఈ నవలాశాఖపై ప్రామాణిక గ్రంథము వ్రాసియుండెను. పనికిమాలిన చదువని పెద్దలు త్రోసివేసిన దానికి ఒక జీవితమును వెచ్చించుట సామాన్యము కాదు.

లూయిస్ సంగతి మిగిలియున్నది. 1812లో తండ్రి మరణింపగా జమెయికా ద్వీపమున చెరకుతోటలును, వానితో వందలాది బానిసలును అతని వశమైరి. 1816 ఆగస్టులో జినీవా సరస్సు చెంత బైరన్, షెల్లీలకు అతడు దయ్యాల కథలు వినిపించెను. ఆ దినములలోనే, తన తోటలను వారసత్వముగా పొందువాడు నియమితకాలమున కొకమారు ద్వీపమునకు పోయి బానిసల స్థితిని స్వయముగా చూడవలెనని వీలునామాకు అనుబంధము వ్రాసెను. సాక్షులలో బైరన్, షెల్లీలు ఉండిరి. వారికి విముక్తిని మాత్రము వ్రాయలేదు. రెండవమారు జమెయికా పోయి మరలివచ్చుచు 1818 మేలో పచ్చజ్వరముతో ఓడమీదనే మరణించెను. అతని జమెయికా దినచర్య 1834లో అచ్చుపడినది.  అందు పేర్లు, జబ్బులు, పని, దెబ్బలను గూర్చిన ఫిర్యాదులు కలవు.

‘మాంక్’ను చదువదలచినవారు 1798 నాటి కత్తిరించిన పాఠమును గాక 1796 పాఠము ననుసరించిన కూర్పును ఎంచుకొనుట మంచిది. ఆగ్నెస్ కథ మూడవ సంపుటమున వచ్చును. దాని వెంటనే దినచర్యలో నాలుగు పుటలు చదివి చూడుడు.