ఆయిల్ పంపు గేర్లు: లోహము, మన్నిక

ఇంజనులో తిరిగే భాగములకు ఒత్తిడితో ఆయిలును అందించునది ఆయిల్ పంపు. 2011 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుతో వచ్చిన 5.0 లీటర్ల ‘కొయోటీ’ ఇంజనులో పంపు లోపలి గేరును క్రాంక్‌షాఫ్టే నేరుగా తిప్పుతుంది. లోహపు పొడిని అచ్చులో అదిమి, కరగనీయకుండా కొలిమిలో కాల్చి ఈ గేర్లను తయారుచేశారు. ఖర్చు తక్కువ, సాధారణ ప్రయాణమునకు చాలును. అయితే లోపలి సూక్ష్మరంధ్రముల వలన ఈ లోహము కొంత పెళుసు. సూపర్‌ఛార్జర్ అమర్చి అతివేగముగా తిప్పినప్పుడు క్రాంక్‌షాఫ్టు మెలిపడుతూ కంపిస్తుంది. ఆ తాకిడికి గేరు పగులవచ్చును. పగిలిన వెంటనే ఆయిలు ఒత్తిడి పడిపోయి, బేరింగులు దెబ్బతిని, ఇంజను సీజవుతుంది. అందువలననే పందెపు కార్లకు ఉక్కు దిమ్మెనుండి కోసిన గేర్లు వేస్తారు. ఏ వాహనమందైనను నడుస్తుండగా ఆయిల్ లైటు వెలిగినచో, బండిని పక్కకు తీసి వెంటనే ఇంజను ఆపవలెను.