బాకా ఊదినవాడి సొంత గొంతు

తెలుగులో బాకా ఊదటం అనే మాటకు మర్యాద లేదు. ఒకరి గొప్పను మరొకరు కూలికి చాటటం అని దాని అర్థం. బాకా దొరది, ఊపిరి మాత్రం ఊదేవాడిది. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. కోటలోనూ దండులోనూ ఈ వాయిద్యం ఆజ్ఞకు సాధనంగానే పెరిగింది. సిపాయిని నిద్రలేపటానికి, నడిపించటానికి, ఆపటానికి, చివరకు గోతిలో దించేటప్పుడు కూడా బాకాయే మోగేది. ఆజ్ఞ ఎవరిదో ఊదేవాడికి తెలుసు. ఊదేవాడెవడో వినేవాడికి తెలియదు.

అటువంటి వాయిద్యాన్ని అమెరికా నౌకాదళపు బ్యాండులో మూడేళ్ళు ఊదిన ఒక నల్లజాతి కళాకారుడు, ఆ కొలువులో చేరిన పుష్కరకాలం తరువాత, తానే నాయకుడుగా మొదటి జాజ్ ఆల్బం వెలువరించాడు. ఆయన పేరు క్లార్క్ టెర్రీ. ఆల్బం పేరు కూడా అదే. రికార్డింగు జరిగింది 1955 జనవరిలో, న్యూయార్కులో. అమెరికా సంగీత చరిత్రలో ఇదొక చిన్న ఘట్టమే. కాని కళకూ కూలికీ, ఆజ్ఞకూ స్వేచ్ఛకూ గల సంబంధాన్ని గూర్చి ఆలోచించేవారు ఇందులో తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉంది.

ఆ విషయాన్ని వామపక్షంలోని పెద్దలే వివాదంలో పెట్టారు. 1928లో మాక్సిం గోర్కీ ప్రావ్దా పత్రికలో జాజ్‌ను "లావుపాటివాళ్ళ సంగీతం" అని తూర్పారబట్టాడు. 1936లో జర్మన్ తాత్త్వికుడు అడార్నో ఒక అడుగు ముందుకు వేశాడు. జాజ్‌లో సైనిక బ్యాండు నడక ఉన్నదనీ, అందులో వినిపించే స్వేచ్ఛ పైపూత మాత్రమేననీ, ఫాసిజం దానిని వాడుకోగలదనీ ఆయన వాదించాడు. రెండేళ్ళకే, 1938లో, నాజీలు డ్యూసెల్‌డార్ఫ్‌లో "భ్రష్ట సంగీతం" పేరిట ప్రదర్శన పెట్టి, నల్లజాతి సాక్సఫోను వాద్యకారుణ్ణి వికృతంగా చిత్రించి దాని ప్రచారానికి వాడుకున్నారు. ఫాసిస్టులు జాజ్‌ను ఏమనుకున్నారో అక్కడ తేలిపోయింది. అయినా అడార్నో మాటలో సగం నిజం ఉంది. సైనిక బ్యాండుతో జాజ్‌కు గల చుట్టరికాన్ని కాదనలేం. ఆ చుట్టరికంలో ఎవరు ఎవరిని లొంగదీసుకున్నారన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన ఊళ్ళకు దూరమైనది కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె వీధుల్లో పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళాన్ని చూడండి. ట్రంపెట్టు, క్లారినెట్టు, పెద్ద డ్రమ్ము, భుజాన కుచ్చులు వేలాడే కోటు, తలమీద టోపీ - ఇదంతా తెల్లదొరల పటాలాలనుంచి దిగివచ్చిన సరంజామా. సామ్రాజ్యం పోయింది, దాని దుస్తులు పెళ్ళికి కూలికి వచ్చినవాడి ఒంటిమీద మిగిలాయి. డ్రమ్ము మీద రాసి ఉండేది మేళం పేరు, లేదా మేళం యజమాని పేరు. ట్రంపెట్టు వాయించేవాడి పేరు ఎక్కడా ఉండదు. శుభకార్యానికి అతడు కావాలి, పంక్తిలో మాత్రం అతడికి చోటు చివరనే. వాద్యం ఎవరిది, ఊపిరి ఎవరిది అన్న లెక్క మనకు కొత్త కాదు.

అమెరికాలో ఈ లెక్క మరింత కరుకుగా నడిచింది. మొదటి ప్రపంచయుద్ధంలో 369వ పదాతిదళం నల్లవారి పటాలం. వారిని తెల్ల సైనికుల పక్కన నిలబెట్టటం ఇష్టంలేక అమెరికన్ సైన్యం ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. ఆ పటాలపు బ్యాండుకు నాయకుడు జేమ్స్ రీస్ యూరప్. 1918లో ఆ బ్యాండు ఫ్రాన్సులో ఊరూరా వాయించినప్పుడు, అచ్చమైన కవాతు పాటలోనే తాళం విరిగి, ఒరిగి, మరో నడక అందుకోవటం అక్కడి జనం విన్నారు. తిరిగివచ్చి 1919లో రికార్డులు ఇచ్చిన యూరప్, ఆ ఏడే తన బ్యాండు సభ్యుడి చేతి కత్తిపోటుకు మరణించాడు. సైనిక బ్యాండు జాజ్‌కు పుట్టిల్లు కాకపోయినా, అది చదువుకున్న బడులలో ఒకటి.

క్లార్క్ టెర్రీ 1920 డిసెంబరు 14న సెయింట్ లూయీ నగరంలో పుట్టాడు. పదకొండుమంది సంతానంలో ఏడవవాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1917లో, నది ఆవలి ఒడ్డున ఉన్న ఈస్ట్ సెయింట్ లూయీలో తెల్ల మూకలు నల్లవారి ఇళ్ళు తగలబెట్టి ఊచకోత కోశాయి. ట్రంపెట్టు కొనే స్తోమతు లేక కుర్రవాడు తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టానికి గరాటు తగిలించి ఊదేవాడు. ఆ రొద పడలేకనో, ఆ పట్టుదలకు కరిగిపోయో, ఇరుగుపొరుగువారు తలాకాస్త వేసుకుని తాకట్టు దుకాణంలో ఒక పాత ట్రంపెట్టు కొనిపెట్టారు. ఈ కళాకారుడి మొదటి పోషకులు రాజులూ కారు, కంపెనీలూ కావు, వాడలోని బీదసాదలు.

1942లో ఆయన నౌకాదళంలో చేరాడు. అంతవరకూ ఆ దళంలో నల్లవారికి వంటశాల, వడ్డన తప్ప మరో పని దాదాపు లేదు. 1942 జూన్ 1 నుంచి ఇతర కొలువులు తెరిచారు, అదీ వేరు శిబిరాలలో. చికాగో సమీపాన గ్రేట్ లేక్స్ కేంద్రంలో నల్లవారికి కేటాయించిన శిబిరం పేరు రాబర్ట్ స్మాల్స్. 1862లో బానిసగా ఉండి, యజమానుల యుద్ధనౌకనే నడుపుకుంటూ స్వేచ్ఛకు పారిపోయిన వీరుడి పేరది. ఆయన పేరు పెట్టి, ఆయన జాతివారిని గోడ కట్టి విడదీశారు! ఆ కేంద్రంలో యుద్ధకాలాన వేలమంది నల్లజాతి వాద్యకారులు శిక్షణ పొందారు. 1945 దాకా టెర్రీ వారిలో ఒకడు.

ఆ 1942లోనే ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఊరేగింపుమీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు మరణించారు, రణరంగచౌక్ వారి స్మృతిచిహ్నం. ప్రజాస్వామ్యం పేరిట యుద్ధం చేస్తున్న ప్రభుత్వాలు, తమ పాలితులకు దానిని ఎలా వడ్డించాయో ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అమెరికా నల్లవారు ఆనాడే "రెండు విజయాలు" అనే నినాదం ఎత్తారు: బయట ఫాసిజం మీద ఒకటి, ఇంట్లో జాతివివక్ష మీద ఒకటి. సైన్యంలో వేర్పాటును రద్దుచేసే ఉత్తర్వు 1948లో గాని రాలేదు.

అయితే ఆ శిబిరంలో టెర్రీకి దక్కిందేమిటి? స్వరలిపి, నిత్యసాధన, అన్నిటికీ మించి దేశం నలుమూలలనుంచి వచ్చిన తోటివారి సావాసం. రాజ్యం తన అవసరానికి వారిని ఒకచోట చేర్చింది; వారు తమ అవసరానికి ఒకరికొకరు గురువులైనారు. కార్ఖానా కార్మికులను పోగుచేసినట్లే జరిగింది ఇదీ.

యుద్ధం ముగిసినా నాయకత్వం రాలేదు. 1948నుంచి 1951 దాకా కౌంట్ బేసీ వద్ద, 1951నుంచి 1959 దాకా డ్యూక్ ఎల్లింగ్టన్ వద్ద ఆయన పనిచేశాడు. ఇద్దరూ మహానుభావులే, ఇద్దరూ ఆయన జాతివారే. అయినా ఇతరుల పేరిట నడిచే మేళంలో తన వంతు కొన్ని చరణాలు మాత్రమే. ఎల్లింగ్టన్ కొలువులో ఉంటూనే ఎమార్సీ కంపెనీకి ఆయన తన ఆల్బం రికార్డు చేశాడు.

ఆ ఆల్బంలో పాటలు ఎనిమిది, వాద్యకారులు ఏడుగురు. పియానో హొరేస్ సిల్వర్, డ్రమ్ములు ఆర్ట్ బ్లేకీ, ట్రాంబోను జిమ్మీ క్లీవ్‌లాండ్, బారిటోను సాక్సఫోను సెసిల్ పేన్, బాస్ వెండెల్ మార్షల్. సెల్లో, బాస్ ఆస్కార్ పెటిఫర్డ్. వాద్యరచన చేసినవాడు ఇరవైయొక్కేళ్ళ క్విన్సీ జోన్స్. ఈ కుర్రవాడు సియాటిల్‌లో బడిపిల్లవాడుగా ఉన్నప్పుడు, రాత్రంతా వాయించి అలసి నిద్రపోతున్న టెర్రీని తెల్లవారుజామున లేపి పాఠం చెప్పించుకునేవాడు. శిష్యుడు రాయగా గురువు వాయించాడు. "స్వాహిలి" అనే పాటకు ఆఫ్రికా భాష పేరు పెట్టారు. అందులో డ్రమ్ములు ముందుకు వచ్చి మాట్లాడతాయి. కవాతులో డ్రమ్ము అడుగు కొలవటానికే ఉండేది. నాయకుడి ట్రంపెట్టు అందరినీ తొక్కివేయదు. అది నవ్వుతుంది, గొణుగుతుంది, పక్కవాడు చెప్పిందానికి జవాబిస్తుంది. ఏళ్ళతరబడి ఇతరుల ఆజ్ఞకు ఊదినవాడికి పెత్తనం చేతికి వస్తే ఏం చేస్తాడు? టెర్రీ సంభాషణను ఎంచుకున్నాడు. ఈ ఆల్బంలోని విలువ అదే.

ఆనాటి సాంకేతిక భాషలో దీనిని విజయం అనవచ్చునుగాని, విముక్తి అనరాదు. రికార్డు కంపెనీది, సంత కూడా కంపెనీదే. పైగా రాజ్యానికి మళ్ళీ బాకా కావలసివచ్చింది. ప్రచ్ఛన్నయుద్ధంలో అమెరికా విదేశాంగశాఖ 1956నుంచి జాజ్ బృందాలను దేశదేశాలకు పంపింది. ఎల్లింగ్టన్ 1963లో ఇండియాకు వచ్చింది ఆ ఏర్పాటులోనే. కాని 1957లో లిటిల్‌రాక్ బడిలో నల్లపిల్లలను అడ్డగించినప్పుడు, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్రభుత్వాన్ని దుయ్యబట్టి సోవియట్ యాత్రకు వెళ్ళనన్నాడు. బాకా ఊదనన్న బాకా విద్వాంసుడు! టెర్రీకి 1960లో ఎన్‌బీసీ ప్రసారసంస్థలో ఉద్యోగం వచ్చింది. అక్కడి ఆస్థాన వాద్యకారులలో మొదటి నల్లవాడు ఆయనే. అదీ దయాధర్మంగా రాలేదు; పౌరహక్కుల సంస్థ ఒత్తిడిమీద వచ్చింది.

గోర్కీ విన్నది విలాసమందిరపు సంగీతం. అక్కడ కూర్చుని వినేవాణ్ణి చూసి, నిలబడి వాయించేవాణ్ణి మరిచాడు. అడార్నో వాద్యపు వంశవృక్షాన్ని చూశాడు, దానిని పట్టుకున్న చేతిని చూడలేదు. పనిముట్టు ఎవరి ఇంట పుట్టిందన్నదానికంటె, ఎవరు దానిని ఏ పనికి తిప్పుకున్నారన్నది చరిత్రకు ముఖ్యం. 2015 ఫిబ్రవరి 21న మరణించేదాకా టెర్రీ, కళ్ళు పోయి కాళ్ళు తీసివేసినా, మంచంమీదనుంచే పిల్లలకు పాఠం చెప్పాడు.

టెర్రీ పేరు మనకు తెలియటానికి ఒక ఆల్బం అట్ట ఉన్నది. మన బ్యాండు మేళాలవారికి అటువంటి అట్ట లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో నాటకానికీ పద్యానికీ చరిత్ర రాయటానికి చేతులున్నాయి. ట్రంపెట్టు పట్టినవాడు ఎవరివద్ద నేర్చాడు, పెళ్ళికి ఎంత ముట్టింది, సినిమా పాటను ఎలా మలిచి వీధికి తెచ్చాడు అని అడిగి రాసుకునే విద్యార్థి ఒక్కడు బయలుదేరినా, డ్రమ్ము మీద లేని పేర్లు కాగితం మీదికి వస్తాయి.