ధర్మపురి వంటయిండ్లు, ఊపిరి కొలతలు

పూర్వము తగడూరను పేర వెలసి, అదియమాన్ నెడుమాన్ అంజి రాజధానిగా సంగకవుల నోట కీర్తి గాంచిన ధర్మపురి, 1792లో బారామహలు సీమతో పాటు టిప్పుసుల్తాను చేతినుండి కంపెనీవారి వశమై, ఆ సీమ పాలనకు నియుక్తుడైన రీడుదొరకు సహాయుడుగా వచ్చిన థామస్ మన్రో కొన్నియేండ్లు కాపురమున్న యూరుగా దఫ్తరములలోని కెక్కినది. నేను చెప్పబూనినది అచ్చటి వంటయింటి చరిత్ర.

ఆ సీమలో తరతరములుగా నున్న తెలుగువారికిని, తమిళులకును, కన్నడిగులకును రాగిసంగటి ప్రీతియైన యాహారము. అది యుడికి గట్టిపడు దాక కట్టెలపొయ్యి మండవలెను. కట్టె పచ్చిదైనచో మంట యారి పొగ కమ్మును. అప్పుడు ఇల్లాలు ఊదుగొట్టము నోటబెట్టి, రొమ్మునిండ గాలి పీల్చి, బలముగా ఊదును. మరల పీల్చునప్పుడు లోనికి బోవునది ఆ పొగయే. ఇట్లు ముప్పదియేండ్లు గడచిన పిమ్మట విడువని దగ్గు, కళ్లె, నీళ్లబిందె యెత్తిన ఆయాసము. ఇంటివారు దానిని ముసలితనమని సరిపెట్టుకొనిరి. కాని అది ఊపిరితిత్తుల రోగము; దానిని గుర్తించు కొలతలు దూరదేశములలో పుట్టినవి.

1846లో లండనున జాన్ హచిన్సన్ అను వైద్యుడు స్పైరోమీటరును లోకమునకు తెలిపి, రెండువేలకు మించిన జనులచే గొట్టములో ఊదించి వారి ఊపిరితిత్తులలో పట్టు గాలిని కొలిచెను. ఎంత గాలి పట్టినదను దానికంటె మొదటి సెకండులో ఎంత వెలువడినదనుటయే ఈ రోగమునకు కీలకమని శతాబ్దము గడచిన తరువాత, 1947లో, ఫ్రెంచి వైద్యుడు టిఫెనో చూపెను. ఏలన, వాచి కళ్లెతో నిండిన శ్వాసనాళములు లోనికి వచ్చిన గాలిని త్వరగా వెలికి పోనీయవు. 1950లలో క్లార్కు ప్రాణవాయువునకును, స్టౌ, సెవరింగ్‌హౌసులు బొగ్గుపులుసు వాయువునకును రక్తములో వాటిని కొలుచు ఎలక్ట్రోడులు కల్పించిరి. ధమనీరక్తమున 35 మొదలు 45 మిల్లీమీటర్ల పాదరస పీడనముతో నుండవలసిన బొగ్గుపులుసు వాయువు, రోగము ముదిరిన కొందరిలో 50 దాటుననియు, 80కి మీద నుండవలసిన ప్రాణవాయువు 60కి దిగువకు జారుననియు వానివలన సులువుగా తెలియసాగెను. పెదవులు నీలివారుట, పాదములు వాచుట, గుండె కుడిభాగము అలసిపోవుట దీని తరువాతి మెట్లు.

ఈ రోగమునకు లోకమంతయు సిగరెట్టును నిందించుచుండగా, ధూమపానము అరుదైన స్త్రీలలోను గుండె కుడిభాగపు ఈ జబ్బు విరివిగా నుండుటకు వంటయింటి పొగ కారణము కావచ్చునని 1970లలో ఢిల్లీలో డాక్టరు పద్మావతి ప్రభృతులు సూచించిరి. ఆమె మాటకు దక్కవలసినంత గౌరవము చాలకాలము దక్కలేదని నా నమ్మకము.

ధర్మపురిలో 2008 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల యున్నది. గ్యాసుపొయ్యిలు పల్లెలకును వచ్చినవి. కాని మునుపు పీల్చిన పొగ చేసిన చెరుపు పొయ్యి మారినంత మాత్రమున మానదు. చుట్టయు బీడీయు ఎరుగని మీ యింటి పెద్దామె నాలుగడుగులకే ఆయాసపడుచున్నచో, వయసని ఊరకుండక, ఆమెను ఆసుపత్రికి తోడ్కొనిపోయి ఒక్కసారి స్పైరోమీటరులో ఊదింపుడు.