సీపీఆర్ కోర్సు: మీ పనికి ఏది సరిపోతుంది? డబ్బు కట్టే ముందు ఏం అడగాలి?

క్యాంపులో పక్క మంచం మీద పడుకున్న మనిషికి రాత్రి గుండె ఆగిపోతే, అంబులెన్స్ వచ్చేదాకా అతని దగ్గర ఉండేది రూమ్మేట్లే. గుండె ఆగాక కొన్ని నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే సీపీఆర్ అంటే నర్సులకో, సేఫ్టీ ఆఫీసర్‌కో సంబంధించింది అనుకోవద్దు. అయితే ఈ పేరుతో గల్ఫ్‌లో అమ్ముతున్న కోర్సులన్నీ ఒకటి కావు. మీకు పనికిరాని కోర్సుకి నెల జీతంలో సగం పోయే అవకాశం కూడా ఉంది.

ముందు మీ పని ఏంటో చూసుకోండి. కన్‌స్ట్రక్షన్, క్లీనింగ్, సెక్యూరిటీ, కేటరింగ్, హౌస్ డ్రైవర్ లాంటి పనుల్లో ఉన్నవాళ్లకి మామూలు జనం కోసం తయారుచేసిన కోర్సు చాలు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌లో దాని పేరు హార్ట్‌సేవర్. ఛాతీ నొక్కడం, ఏఈడీ వాడటం, గొంతులో ముద్ద అడ్డుపడితే ఏం చేయాలి అనేవి అందులో నేర్పుతారు. మాల్స్‌లో, ఎయిర్‌పోర్టుల్లో గోడకి ఉండే షాక్ మిషన్ పెట్టెనే ఏఈడీ అంటారు. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే అక్కలు పిల్లల, పసిబిడ్డల భాగం కూడా ఉందా అని తప్పక అడగాలి. కొన్నిచోట్ల పెద్దవాళ్ల సీపీఆర్ ఒక్కటే నేర్పి పంపిస్తారు.

ఆస్పత్రిలో పనిచేసేవాళ్లకి, నర్సు లైసెన్స్ కోసం వచ్చేవాళ్లకి బీఎల్‌ఎస్ కావాలి. ఇద్దరు కలిసి సీపీఆర్ చేయడం, మాస్కుతో ఊపిరి అందించడం అందులో ఉంటాయి. ఏసీఎల్‌ఎస్ దానికి పైమెట్టు. ఈసీజీ చదవడం, మందులు ఇవ్వడం లాంటివి ఉంటాయి కాబట్టి అది ఐసీయూ, ఎమర్జెన్సీ వాళ్లకే ఉపయోగం. "రెండూ కలిపి ప్యాకేజీ" అని ఏజెంట్ చెప్పగానే ఒప్పుకోకండి. ఉద్యోగం ఇచ్చే ఆస్పత్రి ఏం అడిగిందో, ఏ సంస్థ కార్డు తీసుకుంటుందో కాగితం మీద గానీ మెయిల్‌లో గానీ తెప్పించుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

బొమ్మ మీద నొక్కించకపోతే అది కోర్సే కాదు

అసలు చూడాల్సింది ఇదే. పాఠం ఆన్‌లైన్‌లో వినొచ్చు, తప్పు లేదు. కానీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్‌ఎస్ కార్డు రావాలంటే బొమ్మ మీద చేసి చూపించాల్సిందే. రాతపరీక్ష కూడా ఉంటుంది, అందులో 84 శాతం రావాలి. పెద్దవాళ్లకి ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. వీడియో చూస్తే ఇది చేతికి రాదు. రెండు నిమిషాలు నొక్కేసరికి ఎంత బలమున్న మనిషికైనా చేతులు లాగేస్తాయి, అది చేసి చూస్తేనే తెలుస్తుంది. లోతు, వేగం సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే పరికరాన్ని ఆ సంస్థ పెద్దవాళ్ల సీపీఆర్ కోర్సుల్లో 2019లో తప్పనిసరి చేసింది. కాబట్టి సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు మూడు విషయాలు అడగండి: ఎన్ని బొమ్మలున్నాయి, బ్యాచ్‌లో ఎంతమంది, ఆ పరికరం ఉందా. ఇరవై మందికి ఒకే బొమ్మ అంటే ఆ సెంటర్ వదిలేయండి.

భాష సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఇంగ్లిష్ అంతగా రాకపోతే హిందీలో చెప్పే ట్రైనర్‌ని అడగండి. అర్థం కాని క్లాసులో తలూపి కార్డు తెచ్చుకుంటే ఆపద వేళ అది అక్కరకి రాదు.

"క్లాసుకి రానక్కర్లేదు, కార్డు వాట్సాప్‌లో పంపుతాం" అనేవాళ్ల జోలికి అస్సలు పోవద్దు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ-కార్డుకి కోడ్ ఉంటుంది, దాన్ని ఆ సంస్థ సైట్‌లో ఎవరైనా చెక్ చేయొచ్చు. లైసెన్స్ ఫైల్లో దొంగ కాగితం బయటపడితే పోయేది కోర్సు ఫీజు కాదు, ఉద్యోగమే.

ఆ కార్డు గడువు రెండేళ్లు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేసి వద్దామనుకునే నర్సమ్మలు దీన్ని లెక్క వేసుకోవాలి. వీసా పేపర్లకి నెలలు పడితే గడువులో ఆ నెలలు కరిగిపోతాయి. పుస్తకం, కార్డు ఛార్జీలు ఫీజులోనే ఉన్నాయా అని కూడా అడగండి. కంపెనీ మిమ్మల్ని సైటులో ఫస్ట్ ఎయిడర్‌గా పెడుతుంటే ఖర్చు కంపెనీనే పెట్టుకోమనండి. జీతంలో కోస్తామంటే రాసిమ్మనండి.

"ముట్టుకుంటే కేసవుతుందేమో" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. కానీ యూఏఈలో 2020 నవంబరులో ప్రకటించిన చట్ట మార్పుల్లో, మంచి ఉద్దేశంతో ఆపదలో సాయం చేసినవాళ్లకి రక్షణ కల్పించారు. మిగతా దేశాల్లో ఉన్నవాళ్లు మీ దేశంలో రూల్ ఏంటో ట్రైనర్‌ని క్లాసులోనే అడగండి.

కోర్సుకి ఇంకా టైం పడుతుందా? అయితే ఈ నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి. అంబులెన్స్‌కి యూఏఈలో 998, సౌదీలో 997, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమాన్‌లో 9999. ఊళ్లో అమ్మానాన్నలకి 108. మనిషి పలకక, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. శిక్షణ లేనివాళ్లు నోటితో ఊపిరి ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకోండి. ఒకరు గేటు దగ్గరికి వెళ్లి నిలబడాలి, క్యాంపుల్లో అంబులెన్స్‌కి రూము దొరక్కే ఆలస్యమవుతుంది.